పులుసుకి లేని జాలి

మా ఇంటి స్టీలు క్యారియరుకి నలభై ఏళ్ళ అనుభవం ఉంది. పులిహోర మోసింది, ఆవకాయ మోసింది, పురిటి పథ్యం మోసింది. కానీ కిందటి శ్రావణమాసంలో అది మోసుకొచ్చినదాన్ని మాత్రం నేను కలలో కూడా ఊహించలేదు.

కోనసీమలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళి, నేనూ మా మనవడూ కాకినాడ తిరిగొచ్చాం. వాడికి తొమ్మిదేళ్ళు. బస్సులో దారి పొడుగునా క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూచున్నాడు. మరదలు పెట్టిచ్చిన పూతరేకులు నలగకుండా చూస్తున్నాడు కాబోలు, వీడికి బుద్ధి వచ్చిందని మురిసిపోయాను. ఇంటికొచ్చి విప్పితే పై గిన్నెలో పూతరేకులు ఉన్నమాట నిజమే. కింద గిన్నెలో నీళ్ళు! ఆ నీళ్ళలో పండుమిరపకాయ తరిగి పోసినట్టు ఎర్రెర్రగా ఏవో కదులుతున్నాయి.

"చేపలు అమ్మమ్మా! కొట్లో వందలు పెట్టి కొంటారు. నేను పంటబోదెలో తువ్వాలుతో ఊరికే పట్టేశాను!"

లెక్కపెడితే పద్ధెనిమిది. ఒక్కొక్కటి అంగుళం కూడా లేదు. చెప్పొద్దూ, చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. మా అమ్మాయి చిన్నప్పుడు సరదాపడి కొన్న రెండడుగుల గాజుతొట్టి అటకమీద ఉంటే, మావారు దింపి కడిగారు. కుళాయి తిప్పి నిండా నీళ్ళు పట్టాం. చేపల్ని అందులో వదిలి, దీపం పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశాం. మా అత్తగారు కూడా మంచం దిగి వచ్చారు. ఆవిడకి ఎనభై ఆరు.

తెల్లారేసరికి ఏడు చచ్చి తేలాయి.

వాడు ఏడుస్తుంటే, పక్కింటి అబ్బాయి వచ్చి చూశాడు. అతను చాలాకాలంగా రంగుచేపలు పెంచుతున్నాడు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందనీ, మనకి మంచిచేసే ఆ మందే చేపల మొప్పల్ని కాల్చేస్తుందనీ చెప్పాడు. నీళ్ళు వెడల్పు గిన్నెల్లో పట్టి ఓ రోజు నిలవుంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుందిట. లేదా విరుగుడు మందు రెండు చుక్కలు వెయ్యాలిట. అంతేకాదు, చేప విసర్జించేదాంట్లో అమ్మోనియా ఉంటుంది. అది చేపకే విషం. కాలవలో అయితే దాన్ని కంటికి కనపడని సూక్ష్మజీవులు తినేసి, ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చేస్తాయి. చివరికి అది మొక్కలకి ఎరువవుతుంది. కడిగిన కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. వాటంతట అవి పెరగడానికి నెలా నెలన్నర పడుతుంది.

"మరి ఈ నెలన్నరా వీటి గతి?" అన్నాను.

"మా తొట్టిలో ఫిల్టరు స్పాంజి ఒకటి ఇస్తానాంటీ. దాని నిండా ఆ సూక్ష్మజీవులే ఉంటాయి. మీ తొట్టిలో పెట్టండి, తొందరగా కుదురుకుంటుంది."

అర్థమైపోయింది! పాలకి తోడు వెయ్యడంలాంటిదే. ఇంట్లో పెరుగు లేకపోతే పక్కింటికి వెళ్ళి చిన్న గిన్నెతో తోడు తెచ్చుకోమూ? అలాగే స్పాంజి తెచ్చి పెట్టాను. నేనొక ఘనకార్యం చేశానని సంబరపడ్డాను కూడా. ఆ తోడు సంగతి మళ్ళీ చెప్తాను, గుర్తుంచుకోండి.

మిగిలిన పదకొండూ కుదుటపడ్డాయి. మనవడు వాటిలో బాగా చురుకైనదానికి 'మిరపకాయ' అని పేరు పెట్టాడు. వారం రోజుల తర్వాత, గుమ్మంలోకి చేపలమ్మి వచ్చింది. బుట్ట దించి, ముందుగదిలోకి తొంగిచూసి పకపకా నవ్వింది.

"ఇదేంటండి అమ్మగారూ, కొర్రమీను పిల్లల్ని దీపమెట్టి పూజ చేత్తన్నారు!"

మేం రోజూ ముగ్ధులమై చూస్తున్న ఆ ఎర్రచేపలు ఆదివారం మా ఇంట్లో పులుసయ్యే కొర్రమీనులట! చిన్నప్పుడు అలాగే ఎర్రగా, గుంపుగా ఉంటాయిట. "అడుగున తల్లీ తండ్రీ కాపలా కాత్తాయండి. నీళ్ళమీద ఎర్రగుంపు కనపడిందంటే కింద పెద్ద చేప ఉన్నట్టేనండి. మావోళ్ళు అక్కడే గాలం ఏత్తారు," అంది.

మనవడు ఉన్నట్టుండి నా చీరకొంగు పట్టుకున్నాడు. "అమ్మమ్మా, నేను తువ్వాలు ముంచినప్పుడు కింద ఏదో పెద్దది గిరగిరా తిరిగింది. పామనుకుని పరిగెత్తుకొచ్చేశాను."

ఆ మాట విన్న దగ్గరనుంచీ నాకు ఆ తొట్టివంక హాయిగా చూడ్డం పోయింది.

నా మొహం చూసి మా అత్తగారు అడిగేశారు. "ఏమే అమ్మాయ్, పులుసు పెట్టుకునేటప్పుడు లేని జాలి, పెంచుకునేటప్పుడు పుట్టుకొచ్చిందా? కోసి కారం పెడితే తప్పు కాలేదు, తిండిపెట్టి సాకితే తప్పయిందా?"

నవ్వుతూ అడిగినా మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పలేక నేను చాలారోజులు గింజుకున్నాను. మీరే చెప్పండి, ఆవిడ మాటలో తప్పేముంది? చేపని తినేవాళ్ళం మనం. వారానికోసారి బుట్టలో చేప తోక పట్టుకుని బేరమాడేవాళ్ళం. అలాంటిది పద్ధెనిమిది పిల్లల్ని పట్టితెచ్చినందుకు ధర్మసందేహమా? ఉప్పూ చింతపండూ కంటే గాజుతొట్టి నయమే కదా ఏ చేపకైనా?

ముందు నేను నాకే ఒక సర్ది చెప్పుకున్నాను. కొట్లో గోల్డుఫిష్ కొంటే ఈ బాధ లేకపోయేది అని. చైనావాళ్ళు తరతరాలుగా వాటిని పెంచుతూ వస్తున్నారు. ఇవాళ కొట్లో దొరికే గోల్డుఫిష్ ముత్తాతకి కూడా కాలవంటే ఏమిటో తెలియదు. దానికి పోగొట్టుకున్న ఊరు లేదు. మా కొర్రమీను పిల్లలకో, నిన్నటిదాకా ఒక బోదె ఉంది, దాంట్లో గడ్డి ఉంది, కింద తిరిగే తల్లి ఉంది.

కానీ ఆ సర్దుబాటులోనూ ఒక మెలిక ఉంది. మా మనవడికి గోల్డుఫిష్ తెలుసు, గప్పీ తెలుసు. పరిగె తెలియదు, జెల్ల తెలియదు, ఇంగిలాయి తెలియదు. తాత ముత్తాతలు ఈతకొట్టిన బోదెలో ఏ చేప ఉంటుందో వాడికి తెలిసింది ఈ దొంగతనం వల్లే! ఎవరూ ఏనాడూ నీళ్ళలోంచి ఏదీ తీసి చూడకపోతే మనకి తెలిసేదెలా? మన దేశపు పొలాల పక్క నీళ్ళలో నీలిచారలతో చిన్నచేప ఒకటుంది. స్కాట్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలమీద రాసిన పుస్తకంలో, 1822లో, దానిని మొట్టమొదట వర్ణించాడు. జీబ్రా చేప అంటారు. ఇవాళ ప్రపంచంలో లెక్కలేనన్ని పరిశోధనశాలల్లో మన రోగాల గుట్టు తెలుసుకోడానికి దాన్ని పెంచుతున్నారు. దాని మాట మనకి ఎందరికి తెలుసు? ఇంట్లో పెట్టుకు చూస్తేగదా ప్రేమ కలిగేది, ప్రేమ కలిగితేగదా కాలవని కాపాడుకోవాలనిపించేది, అని వాదించుకున్నాను.

వాదన బాగానే ఉంది. అయితే, ఆ ప్రేమ చేసే పని కూడా చూడాలి. ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ అని ఒక ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. సముద్రపుటొడ్డున రాళ్ళ గుంటల్లో బతికే జీవులంటే ఆయనకి ప్రాణం. 1854లో 'ది అక్వేరియం' అని పుస్తకం రాశాడు. ఈ సరదా ఇంటింటా పాకడానికీ, ఆ మాట జనం నోట పడడానికీ ఆయనే ముఖ్యుడు. పుస్తకాలు చదివిన ఉత్సాహంతో జనం బుట్టలు, సీసాలు పట్టుకుని ఒడ్డుకి పోయారు. అందినదల్లా ఊడ్చుకొచ్చారు. తర్వాత 1907లో ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ తన చిన్ననాటి సంగతులు రాస్తూ, తండ్రీ తనూ మోకరిల్లి చూసిన ఆ గుంటలు పాడుపడిపోయాయనీ, దానికి తండ్రి పుస్తకాలూ ఒక కారణమనీ బాధపడ్డాడు. పాపం, ఆ పెద్దమనిషి వాటిని ద్వేషించి చెడగొట్టలేదు. ప్రేమించి, అందరికీ చూపించి చెడగొట్టాడు.

అంతదూరం ఎందుకు? పడమటి కనుమల ఏరుల్లో ఎర్రచారతో మెరిసే చేపకి ముద్దుగా 'మిస్ కేరళ' అని పేరు పెట్టారు. దాన్ని ఎవరూ పులుసు పెట్టుకోలేదు. అందంగా ఉందని అద్దాల తొట్టెల కోసం ఏరుల్లోంచి పట్టి పట్టి దేశదేశాలకి పంపారు. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం ఉన్న చేపల జాబితాలోకి చేరింది. పులుసుకి ఉన్నట్టే ముచ్చటకీ ఆకలి ఉంటుందన్నమాట.

మా ఇంట్లో సంగతి చెప్తాను. నెల తిరిగేసరికి రెండు విశేషాలు జరిగాయి. ఒకటి, పదకొండు ఆరయ్యాయి. చచ్చినవి కనపడలేదు. పెద్దవి చిన్నవాటిని మింగేశాయిట! కొర్రమీను జాతికి అది మామూలేనట. కాలవలో అయితే పారిపోయే దారి ఉంటుంది, గడ్డి ఉంటుంది. రెండడుగుల తొట్టిలో ఎక్కడికి పోతాయి? రెండోది, ఎరుపు పోయింది. రోజురోజుకీ వెలిసి, మట్టిరంగుకి తిరిగాయి. అది కూడా వాటికి సహజమే. మా మనవడు వారం రోజులు చూసి, "మిరపకాయ బాలేదు అమ్మమ్మా," అని తేల్చేసి క్రికెట్టుకి వెళ్ళిపోయాడు.

మరి తొట్టి ఎవరికి మిగిలింది? మన సంగతి మనకి తెలియనిదేముంది! ఏ ఇంట్లోనైనా ముచ్చట ఒకరిది, చాకిరీ ఒకరిది. వారం వారం పావువంతు నీళ్ళు, అంటే ఒక బకెట్టు, తోడిపొయ్యడం నేను. నిలవుంచిన నీళ్ళు మళ్ళీ నింపడం నేను. స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టినీళ్ళలోనే పిండి కడగడం నేను. పచ్చిరొయ్య సన్నగా తరిగి వెయ్యడం నేను. శనివారం నాడు మా ఇంట్లో నీచు ముట్టం. కానీ శనివారమని దానికి తెలియదుగా? స్నానానికి ముందే పెరట్లో కూచుని, వేరే కత్తిపీటతో దాని రొయ్య తరిగిపెట్టి, తలమీద నీళ్ళు పోసుకుని దేవుడి గదిలోకి వెళ్ళేదాన్ని.

ఒక శనివారం అలా రొయ్య తరుగుతుండగానే అత్తగారి ప్రశ్నకి నాకు తోచిన జవాబు దొరికింది. చేపని తినేవాడు దాని దగ్గర ఒక్కటి తీసుకుంటాడు, ప్రాణం. అది పెద్ద దొంగతనమే, కాదనను. అక్కడితో లెక్క ముగుస్తుంది. పెంచేవాడు ప్రాణం ఒక్కటీ వదిలి మిగిలినవన్నీ తీసుకుంటాడు. నీళ్ళు, గడ్డి, పురుగూ పుట్రా, దాక్కునే చోటు, కాపలా కాసే తల్లి. అన్నీ తీసుకున్నాక ఆ ప్రాణం వాడి చేతిలో ఉంటుంది. కాలవ ఊరికే చేసిపెట్టే పనులన్నీ ఆ పూటనుంచి వాడి పనులవుతాయి. రోజూ, పండగనాడూ, ఒంట్లో బాగులేనినాడూ. రంగు ఉన్నా, పోయినా. తినడం తేలిక తప్పనో పెంచడం గొప్ప పాపమనో నేను తూకం వెయ్యలేను. పెంచుతున్నానని చెప్పుకునేవాళ్ళు ముందు అడగవలసింది "నాకు ఇది ఎంత ఇష్టం?" అని కాదు, "కాలవ చేసే పని నేను ఎన్నాళ్ళు చెయ్యగలను?" అని. ఇంతే నాకు అర్థమైంది.

ఈ మాటే చెప్తే మా అత్తగారు, "చెయ్యలేకపోతే తీసుకెళ్ళి ఆ బోదెలోనే పొయ్యరాదూ, పుణ్యముంటుంది," అన్నారు. అరే, ఇంత సులువైన దారి నాకు తట్టలేదే అనుకున్నాను. అప్పటికి రెండే మిగిలాయి. మళ్ళీ క్యారియరు తీశాను, బస్సు టైము కూడా కనుక్కున్నాను. పక్కింటి అబ్బాయి గుమ్మంలోనే ఆపేశాడు.

"ఆ పని మాత్రం చెయ్యకండి ఆంటీ. మా తొట్టి స్పాంజి మీ తొట్టిలో ఉంది. మా చేపలు ఏ దేశాన్నుంచో ఎన్ని చేతులు మారి వచ్చాయో. వాటి తెగుళ్ళు కంటికి కనపడకుండా మీ చేపలకి అంటి ఉండొచ్చు. బోదెలో పోస్తే అక్కడున్నవాటికి అంటుతాయి."

నిలువునా నీరైపోయాను. తోడు అనుకుని తెచ్చానే, అదే అడ్డుగోడ అయింది! బతికించాలని చేసిన పనే వాటికి ఇంటిదారి మూసేసింది.

అతను చెప్పింది నిజం. అద్దాలమీద పాచి తింటుందని దక్షిణ అమెరికా చేపనొకదాన్ని తొట్టెల్లోకి తెచ్చారు. ఒళ్ళంతా బిరుసు పెంకులతో ఉంటుంది. అడుగు దాటి పెరిగేసరికి పెంచినవాళ్ళు జాలిపడి చెరువుల్లో, కాలవల్లో వదిలేశారు. ఇవాళ మన ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో వలలో పడి, వల చింపి, చేపలవాళ్ళ చేత దెయ్యం చేప అని తిట్టించుకుంటున్నది అదే. దోమల్ని తింటుందని 1928లో గాంబూసియా అనే చేపని మన దేశానికి తెచ్చారు. అది ఇక్కడి చిన్నచేపల పిల్లల్నీ తింటుంది. 1952లో తిలాపియా వచ్చింది. అది చాలా చెరువుల్లో మన చేపలకి పోటీ అయి కూచుంది. నీళ్ళలోంచి తీసినంత తేలిక కాదు, నీళ్ళలో కలపడం.

అందుకని క్యారియరు మళ్ళీ బల్లమీద పెట్టేశాను. మిగిలిన రెండిట్లో ఒకటి రాత్రికి రాత్రి తొట్టిలోంచి ఎగిరి దూకి, తెల్లవారి చూస్తే గచ్చుమీద ఎండిపోయి ఉంది. కొర్రమీను తడినేలమీద కాస్సేపు పాకగలదు, గాలి పీల్చి బతకగలదు. కానీ మా గచ్చు తడినేల కాదు. ఎటు పోదామని దూకిందో ఆలోచించకుండా ఉండడానికి ఆ రోజంతా పని కల్పించుకున్నాను.

మిరపకాయ ఒక్కటే మిగిలింది. పెరట్లో వాడకుండా ఉన్న సిమెంటు తొట్టిని మావారు శుభ్రం చేయించారు. సగంపైదాకా నీళ్ళు, పైన ఇనుప వల. నీళ్ళకీ వలకీ మధ్య జానెడు జాగా ఉంచాం. ఎందుకంటే కొర్రమీను మొప్పలతో పాటు గాలి కూడా పీలుస్తుంది. పైకొచ్చి గుక్కెడు గాలి అందుకోకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది! బజారులో గిన్నెడు నీళ్ళలో గంటల తరబడి బతికుండే కొర్రమీను రహస్యం అదే. నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగేదానికి కూడా ఆకాశంతో పని ఉంటుందని ఇన్నేళ్ళూ పులుసు పెట్టుకున్న నాకు తెలియదు.

ఏడాది కావస్తోంది. ఇప్పుడది జానెడు దాటింది. రంగూ లేదు, అందమూ లేదు. పేరు మాత్రం మిరపకాయే. నా గాజుల చప్పుడు వింటే పైకి వస్తుంది. అది నన్ను గుర్తుపడుతుందని మనవడు అంటాడు. రొయ్యని గుర్తుపడుతుందని మావారంటారు. రెండోదే నిజమై ఉంటుంది. నాకేం అభ్యంతరం లేదు.

మొన్న సెలవులకి మళ్ళీ కోనసీమ వెళ్ళాం. సాయంకాలం మనవడు కనపడకపోతే వెతుక్కుంటూ బోదె దగ్గరికి వెళ్ళాను. గట్టుమీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు. తువ్వాలు మెళ్ళోనే ఉంది. నాచుపక్కన ఎర్రగా ఒక గుంపు. "మాట్లాడకు అమ్మమ్మా, కింద వాళ్ళమ్మ ఉంది," అన్నాడు. నేనూ చీర సర్దుకుని గట్టుమీద కూచున్నాను. నాకు తల్లి కనపడలేదు. ఆ గుంపు ఉన్నచోట నీళ్ళు మాత్రం ఓసారి కదిలాయి.

ఇదంతా విని నేను చేపలు మానేశాననుకునేరు, అంత గొప్పదాన్నేం కాదు. నిన్న ఆదివారం చేపలమ్మి దగ్గర కొర్రమీనే కొన్నాను. ఆవిడ చేప తూస్తూ పెరటివైపు చూసి, "అంతలావు చేపని ఇంట్లో ఉంచుకుని నా దగ్గర కొనడమేంటండి అమ్మగారూ? దాన్నే కోసెయ్యకూడదా?" అంది.

డబ్బులు లెక్కపెడుతూ నేను, "దానికి నేను బాకీ ఉన్నానే," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఎంత బాకీ అని అడిగి ఉంటే నేనూ చెప్పలేకపోయేదాన్ని.